తలుపు మీద మాస్కో

ఊరికే చూసొస్తానన్న మనిషి పెళ్ళి బూట్లు ఎందుకు వేసుకెళ్ళినట్టు? చూడ్డానికి కళ్ళుంటే చాలదా? దెల్ఫీన్ పశువుల కొట్టంలో గడ్డిమోపుకు ఆనుకుని కూర్చుని, ఒళ్ళో పిల్లాణ్ణి పడుకోబెట్టుకుని, వాడి నోట్లో వేలు పెట్టి కింది చిగురు తడుముతూ, మొగుడు గుమ్మం దాటినప్పటినుంచీ ఈ ఒక్క మాటనే నములుతోంది. అడుగున మేకులు కొట్టిన బూట్లు అవి. పెళ్ళికి వేసుకున్నాడు, మామగారిని మట్టిలో పెట్టిన రోజు వేసుకున్నాడు, పిల్లాడి బాప్తిస్మానికి వేసుకుని చర్చి రాళ్ళమీద టకటకలాడించి ఫాదర్ చేత చీవాట్లు తిన్నాడు. మిగతా రోజులన్నీ అవి కొవ్వు పూయించుకుని దూలానికి వేలాడుతుంటాయి. కింద బాటదాకా వెళ్ళి, దీవిలోంచి తప్పించుకొచ్చిన నెపోలియన్ చక్రవర్తి గుర్రమెక్కి పోతుంటే నోరు తెరుచుకుని చూసి రావడానికి చెక్కబూట్లు సరిపోవూ? అత్త తొమాసీన్ చెక్కబూట్లతోనే వెళ్ళింది. పైగా బుట్టనిండా చీజు పెట్టుకుని వెళ్ళింది, సైన్యమంటే ఆకలే కదే కోడలా అంటూ. ఆవిడ ఎందుకు వెళ్ళిందో తెలుస్తూనే ఉంది. బూట్లు వేసుకున్నవాడు ఎందుకు వెళ్ళాడో అదే తెలియడంలేదు. తెలియడంలేదని అనుకోవడమే గాని తెలుస్తూనే ఉంది, బూట్లు నడవడానికి, దూరం నడవడానికి, ఇక్కణ్ణుంచి గ్రెనోబుల్ దాకా, అక్కడ కోట మీద రాజుగారి ఫిరంగులు ఇటే తిప్పి పెట్టారట, ఆ ఫిరంగుల నోటిదాకా.

"లేదులే, ఏమీ లేదులే" అంది పైకే, పిల్లాడితో. చిగురు గట్టిగా ఉంది, వేడిగా ఉంది, లోపల ఏదో గింజ నాటినట్టుంది గాని బయటికి మొలకేమీ రాలేదు. ఇలేర్ ఆమె వేలిని బలంగా చప్పరిస్తున్నాడు, చొంగ మణికట్టుదాకా కారుతోంది. ఒళ్ళు కాలుతోందా, తన చేతులే చల్లబడ్డాయా? నుదుటిమీద పెదవులు ఆన్చి చూసింది. పక్కనున్న ఆవు బ్రునేత్ చెవి పట్టుకుని చూసింది, మళ్ళీ పిల్లాడి చెవి పట్టుకుని చూసింది. ఆవే వెచ్చగా ఉంది. అయితే జ్వరం ఆవుకా? దేవుడా, ఇప్పుడు ఆవుక్కూడానా? కాదులే, ఆవు ఎప్పుడూ వెచ్చగానే ఉంటుంది, అందుకే కదా శీతాకాలమంతా మనుషులు వచ్చి దీని పక్కన పడుకునేది. పన్ను వస్తే వెచ్చబడుతుంది, అంతే. తొలిపన్ను ఎవరి వేలికి తగిలితే వాళ్ళు గుమ్మంలోకి వెళ్ళి ఊరంతా వినేలా పన్నొచ్చిందని అరవాలి, ఈ కొండమీద అది ఆచారం. ఏ తల్లయినా ఆ అరుపు తనే అరవాలని రోజూ తడుముకుంటుంది. దెల్ఫీన్ కూడా రోజూ తడుముతోంది, తగలకూడదని. ఎందుకంటే తుపాకి పేల్చాలంటే ముందు తూటా పొట్లాన్ని పళ్ళతో కొరికి చింపాలి, అందుకని సైన్యానికి కుర్రాళ్ళను ఏరేటప్పుడు మొట్టమొదట నోరు తెరిపించి చూస్తారు, సంతలో గాడిదను చూసినట్టు. నోట్లో ముందుపళ్ళు లేనివాడి జోలికి రారు. ఇప్పుడు వీడి నోట్లో ఏమీ లేదు. ఇప్పుడు వీడంత క్షేమంగా ఉన్న మగవాడు ఫ్రాన్సు మొత్తంలో లేడు. గోడకు సెయింట్ అపొలోనీ పటం ఉంది, పంటినొప్పుల దేవత, చేతిలో పట్టకారు, పట్టకారులో పన్ను. మనవడికి త్వరగా పళ్ళు రావాలని అత్త పొద్దున ఆ పటానికి మొక్కుతుంది. ఇంకొన్నాళ్ళు ఆపమ్మా అని కోడలు సాయంత్రం మొక్కుతుంది. ఆ తల్లి ఎవరి మాట వింటుందో, ఏ చిగురు దగ్గర పట్టకారు పట్టుకుని ఎటూ తేల్చుకోలేక నిలబడి ఉందో పాపం.

నిరుడు ఇదే తల్లికి అత్త వేరే మొక్కు మొక్కింది, కొడుకు పళ్ళు సుఖంగా ఊడిరావాలని. బర్నాబేవి మంచి పళ్ళు, తెల్లవి, ముందు రెంటి సందులోంచి ఈల వేస్తే కుక్క తుర్క్ అవతలి కొండమీంచి బంతిలా దొర్లుకుంటూ వచ్చేది. మంచుకు దారి మూసుకుపోయి కిందినుంచి మనిషన్నవాడు రాని రోజుల్లో, ఈసారి పెళ్ళయినవాళ్ళను కూడా పట్టుకుపోతారట అని ఎవరో అన్నారు. ఎవరన్నారంటే ఎవరూ చెప్పలేరు, దారి మూసుకున్నాక పుకారు మాత్రం ఏ దారిన వచ్చిందో. మర్నాటికల్లా ఒనోరే మామ కొలిమి ముందు కుర్రాళ్ళు వరసకట్టారు. ఒనోరే గాడిదలకు లాడాలు కొట్టేవాడు, పట్టకారు ఆయన దగ్గరే ఉంది. "నొప్పేమీ ఉండదురా అబ్బాయ్. ఇన్నేళ్ళలో ఒక్క గాడిదైనా నొప్పి అని నాతో అందా?" అన్నాడు. మొదట పక్కపన్ను పీకాడు. "అది కాదు మామా!" అని బర్నాబే గోలపెడితే, "అది కొసరులేరా, దానికేమీ తీసుకోను" అన్నాడు. తర్వాత ముందు రెండూ పీకాడు. నోటినిండా రక్తం, సారాయి పోసుకుని బర్నాబే ఇంకా బల్లమీంచి లేవనేలేదు, సూదులూ దారాలూ అమ్మే మూటవాడు కొండెక్కి వచ్చాడు, టోపీకి రాజుగారి పక్షపు తెల్ల రిబ్బను కట్టుకుని. చక్రవర్తి దిగిపోయి అప్పటికే చాలా రోజులైందట. గద్దెమీద రాజుగారు కూర్చున్నారట. ఇక యుద్ధాల్లేవట, ఎవరినీ ఎవరూ తీసుకుపోరట. వరసలో దవడలు పట్టుకు నిలబడ్డవాళ్ళు మూటవాణ్ణి ఎత్తుకుని ముద్దులు పెట్టారు. అత్త మాత్రం పళ్ళు మూడూ ఏరి కొంగులో తుడిచి, "పెట్టెయ్ ఒనోరే! మళ్ళీ పెట్టెయ్! ఏ పన్ను ఎక్కడిదో నీకు జ్ఞాపకం ఉండగానే పెట్టెయ్!" అని మీదబడింది. ఆయన పెట్టబోయాడు కూడా, ఆ మాట ఒప్పుకోవాలి. అప్పట్నుంచీ ఊళ్ళో బర్నాబేకు అదే పేరు. కొత్తవాళ్ళెవరొచ్చినా, "ఇదుగో, చక్రవర్తి యుద్ధాలన్నిటిలోకీ ఆఖర్న గాయపడ్డవాడు వీడే" అని ఒనోరే చూపిస్తాడు, పీకింది తనే అయ్యుండీ. పైకి బర్నాబే కూడా నవ్వుతాడు, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని. ఈల వేస్తే గాలి వస్తుంది. తుర్క్ అటు తిరిగి పడుకుంటుంది.

రొట్టె మాటేమిటి మరి. మంచు పడకముందు ఊరంతా ఒక్కసారే కాల్చుకునే రొట్టె, మార్చికల్లా రాయి, కత్తిపీట మీద ఇద్దరు పట్టి కొయ్యాలి. పాలల్లో నానబెట్టి ఒక గిన్నె పిల్లాడికి, ఒక గిన్నె వాడి నాన్నకి. ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని ఒక్కలాగే చప్పరిస్తుంటే దెల్ఫీన్‌కు నవ్వొచ్చేది, వస్తే అటు తిరిగి ఆవుతో ఏదో మాట్లాడుతున్నట్టు నటించేది. నవ్వకుండా ఉండాల్సింది. ఒకసారి చూశాడు. గిన్నె పట్టుకుని గొర్రెల దొడ్లోకి వెళ్ళి తిన్నాడు. ఆ ఒక్క నవ్వుకేనా బూట్లు వేసుకెళ్ళాడు? పళ్ళు పీకించుకుని తప్పించుకున్నవాడు అనిపించుకోవడంకన్నా, పళ్ళు లేకపోయినా వెళ్ళాడురా అనిపించుకోవడం మేలనుకున్నాడేమో. మగవాళ్ళ బుర్రలో గాలి ఎటు వీస్తుందో ఎవరికి తెలుసు, వాళ్ళ బుర్ర వాళ్ళకే తెలియదు. డోలు చప్పుడా అది? కాదు, బ్రునేత్ గోడకేసి కొమ్ము రుద్దుకుంటోంది.

"ఇక చాల్లేవే, ఉన్న కాస్తా తినేస్తావు" అంది దెల్ఫీన్ ఆవుతో. ఉన్న కాస్తా అంటే యూరోపు. ఆ గోడ మీద యూరోపు ఉంది, ఉండేది. అత్తవాళ్ళ కొట్టమే ఊళ్ళో పెద్దది కాబట్టి ఆ రోజుల్లో చలికాలపు బడి ఇందులోనే పెట్టేవారు. సంతలో టోపీకి ఈకలు గుచ్చుకుని నిలబడే మాస్టార్లలోంచి ఒకణ్ణి బేరమాడి తెచ్చేవారు. ఒక ఈక ఉంటే చదవడం నేర్పుతాడు, రెండుంటే లెక్కలు కూడా, మూడుంటే లాటిన్. ఈ ఊరి స్తోమత రెండు ఈకలే. ఫొర్తూనే మాస్టారికి రెండు ఈకలు, పొడుగాటి మెడ, ఎప్పుడూ జలుబు. ఆయన మొదటి రోజే బొగ్గుముక్క పట్టుకుని గడ్డిమోపు పక్కన ఫ్రాన్సు గీశాడు. బుజ్జిగా, ముద్దుగా, పొయ్యిమీద రొట్టెలా ఉండేది. చర్చి గంట మోగినప్పుడల్లా, చక్రవర్తి ఎక్కడో గెలిచాడని ఫాదర్ చదివి వినిపించినప్పుడల్లా, మాస్టారు ముక్కు తుడుచుకుని, బొగ్గు తీసుకుని, గీత జరిపేవాడు. కూడికలు ఆయన అలాగే నేర్పాడు, మొన్నటి ఇటలీకి నిన్నటి ఆస్ట్రియా కలిపితే ఎంతర్రా అని. ఇటలీ బూటు గాడి పక్కన వేలాడుతుండేది. స్పెయిన్ కింద, ఆవు మూతికి అందే ఎత్తులో. ఇంగ్లండు పైన దూలం మొదట్లో, అక్కడ కోళ్ళు పడుకుంటాయి, పొద్దున్నే చూస్తే ఇంగ్లండంతా తెల్లగా రెట్ట. ఎంత ఎగిరినా అక్కడికి మాస్టారి చెయ్యి అందలేదు, చక్రవర్తి చెయ్యీ అందలేదట. గోడ చాలడం లేదే అమ్మా అని మాస్టారు అంటే, నా గోడకేం, మీ చక్రవర్తికి ఎంతకీ చాలడం లేదని అత్త కసిరేది. రేపట్నుంచి తీసివేతలు అన్నాడు ఒక సాయంత్రం. ఆ రేపు జవాన్లు వచ్చారు, నోరు తెరిపించి చూశారు, పళ్ళన్నీ ఉన్నాయి, తీసుకుపోయారు. టోపీ వెనక్కొచ్చింది, మాస్టారు రాలేదు. అలా దెల్ఫీన్ చదువు కూడికల దగ్గర ఆగిపోయింది. చక్రవర్తి చదువు కూడా అక్కడే ఆగిపోయి ఉంటుందని ఆమె అనుమానం.

మాస్టారు పోయాక బొగ్గు బర్నాబే తీసుకున్నాడు, అందరిలోకీ పొడుగు వాడే కాబట్టి. హాలండు వాడే గీశాడు, పోలండు పాలకుండలు తగిలించే మూలలో గీశాడు, అక్కడితో గోడ అయిపోయింది. తర్వాత రష్యా అన్నారు. గోడ అయిపోయాక ఉన్నది తలుపే. సరే అని తలుపుమీద గీశాడు, గొళ్ళెం పక్కన గుండ్రంగా ఉల్లిపాయల్లాంటి బురుజులు పెట్టి మాస్కో. అప్పట్నుంచీ ఎవరు తలుపు తీసినా మాస్కో బయటికి, మంచులోకి పోయేది, మళ్ళీ మూస్తే వచ్చేది. ఆ ఇంట్లో తలుపు మూయమని ఎవరూ అనరు, "మాస్కో వెయ్యి! చలొస్తోంది!" అంటారు. అందరూ అంటారు, దెల్ఫీన్ అనదు. ఆమె అన్న సిప్రియాన్ ఆ తలుపు దాకా వెళ్ళాడు. ఇంటి చుట్టూ నాలుగు కూరగాయలు పండించుకునేవాడు, బడికొచ్చి కూర్చోమంటే చూరుకింద నిద్రపోయేవాడు, కూడికలైనా రానివాడు. పోయినవాళ్ళలో ఎవరో ఒకరు తిరిగొచ్చి, పోయాడమ్మా నేను చూశాను అని చెప్పాలి కదా, అలా చెప్పడానికి కూడా ఎవరూ రాలేదు. అందుకని గాలికి తలుపు చప్పుడైతే ఆమె ఒక్క క్షణం ఆగుతుంది, ఆగి లేచి తనే వెళ్ళి, మాట్లాడకుండా, మెల్లిగా వేసి వస్తుంది.

తీసివేతలు ఆవు చేసింది. చెమ్మగోడ, ఉప్పు పేరుకునే గోడ, నాలుక గరుకు. మొదట స్పెయిన్ పోయింది, అందుబాటులో ఉంది గనక. ఆ చలికాలం బ్రునేత్ చూలుతో ఉంది, చూలుకు ఉప్పు యావ ఎక్కువ, జర్మనీ అంతా ఒక వారంలో చప్పరించేసింది. ఏ రోజుకా రోజు మెడ సాచి ఇంకాస్త, ఇంకాస్త. ఆశ్చర్యమేమిటంటే ఫాదర్ మొహం వేలాడేసి చదివే కబుర్లు కూడా ఇంచుమించు అదే వరసలో వచ్చేవి. దీని కట్టుతాడు కొంచెం కురచ చేస్తే చక్రవర్తి నిలబడతాడేమో చూడండ్రా అని ఒనోరే అనేవాడు. అప్పుడు దెల్ఫీన్ కూడా కడుపుతోనే ఉంది. ఒక మధ్యాహ్నం ఎవరూ లేకుండా చూసి, ఆవుకి అంత ఇష్టమైంది ఎలా ఉంటుందో అని హాలండుకు నాలుక ఆన్చింది. బాగుంది. మర్నాడు ఇంకాస్త బాగుంది. హాలండు ఎలా పోయిందని ఎవరూ అడగలేదు, నోరులేని ఆవుమీదికే పోయింది నింద. ఆఖరికి మిగిలింది గడ్డిమోపు పక్కన మొదటి ఫ్రాన్సు, అదీ గడ్డి అడ్డం ఉండబట్టి. చక్రవర్తిని ఎక్కడో ఒక చిన్న దీవిలో దించారట, ఎంత దీవి అని ఆమె అడిగితే, బర్నాబే గోడంతా వెతికి ఒక ఈగ వేసిన చుక్క చూపించాడు. ఇంతే. దాన్ని ఆవు కూడా పట్టించుకోదు. ఇప్పుడు ఆ చుక్కలోంచి లేచొచ్చాడు, ఆ మనిషి. ఈగ చుక్కలోంచి లేచి, కొండదారిన వాళ్ళ ఊరి కిందుగా వస్తున్నాడు, ఆ వచ్చేవాడు ఊరుకుంటాడా, మళ్ళీ కూడికలు మొదలుపెడతాడు. ఆయనకు వచ్చింది అదొక్కటే.

ఇలేర్ ఏడవబోయి మానేశాడు. ఆమె వాణ్ణి భుజాన వేసుకుని లేచింది, కొట్టంలో ఆ చివరికీ ఈ చివరికీ, పోలండు నుంచి ఫ్రాన్సుకీ ఫ్రాన్సు నుంచి పోలండుకీ నడిచింది. అసలు తనని ఎందుకు చేసుకున్నాడు? అది అడగకూడదు, అడిగితే తెలిసిపోతుంది. పెళ్ళయినవాళ్ళను ముట్టుకోరని తెలియగానే ఆ ఏడు కొండమీద కుర్రాళ్ళందరికీ ఒక్కసారిగా ప్రేమ పుట్టుకొచ్చింది. కింది ఊళ్ళో మీసం మొలవనివాడొకడు వాళ్ళ నాయనమ్మ స్నేహితురాల్ని చేసుకున్నాడు, ఆవిడకు చెవుడు, ఇప్పటికీ వాణ్ణి పాలేరనుకుంటుందట. బర్నాబేకు చూసిన సంబంధాలు రెండు, ఒకటి పైవీధిలో పళ్ళూడిన యులాలీ, విధవరాలు, మూడు మేకలున్నాయి. రెండోది తను, ఏమీ లేదు. మేకల్ని వదులుకుని నిన్ను చేసుకున్నానే అంటాడు సరదాగా ఉన్నప్పుడు. అది ప్రేమా, మేకలమీద విరక్తా? నన్ను చూసి చేసుకున్నాడా, చక్రవర్తికి జడిసి చేసుకున్నాడా? జడిసే చేసుకున్నాడనుకో, మరి ఇప్పుడు ఆ చక్రవర్తి వెనకే వెళ్ళిపోతే నేనెవర్ని? గొడుగునా? వాన రాకముందు పట్టుకుని, వచ్చాక పారేసి తడవడానికి? అబ్బ, డోలు, ఈసారి డోలే. ఆవు కాదు. కిందనుంచి, వంతెన దగ్గర్నుంచి, దబదబా, మనుషుల కేకలు, చర్చి గంట కూడా ఎవడో లాగుతున్నాడు, ఎవడై ఉంటాడు, ఫాదర్ ఇప్పుడు రాజుగారి మనిషి కదా, చచ్చినా లాగడు. ఆమె కిటికీకి చెవి ఆన్చింది. ఇదివరకైతే మలుపు తిరగ్గానే ఈల వేసేవాడు, వస్తున్నానని తెలిసేది. ఈల వేయలేని మనిషి వస్తున్నాడో పోతున్నాడో ఎలా తెలుస్తుంది? వస్తే మాత్రం అతని నానబెట్టిన రొట్టె చూసి ఇంక జన్మలో నవ్వను. గిన్నె నా చేతుల్తో నోటికి పెడతాను. వస్తే. మొగుడి గిన్నె ఎక్కడ? పొద్దున నానేసింది, చూసింది, అలాగే ఉంది, తినకుండానే వెళ్ళాడు. తినకుండా, పెళ్ళి బూట్లు వేసుకుని. డోలు వంతెన దాటింది. ఇంక ఆ చప్పుడు పెరగడంలేదు, సన్నబడుతోంది.

తలుపు తెరుచుకుంది, మాస్కో వెలుగులోకి తిరిగిపోయింది, దెల్ఫీన్ ఎప్పటిలాగే ఒక్క క్షణం ఆగింది. అత్త తొమాసీన్. ఖాళీ బుట్ట, పక్కకు జారిన టోపీ, ఎర్రబడ్డ ముక్కు.

"మాస్కో వెయ్యవే, చలి చంపేస్తోంది" అని మళ్ళీ తనే వేసి, "చీజంతా ఊడ్చేశారే అమ్మాయ్! బదులుకి ఇదుగో, బొత్తాం. చక్రవర్తి గద్దబొమ్మ బొత్తాం. పారిస్‌లో దీన్ని చూపిస్తే సలాం కొడతారట."

"చక్రవర్తిని చూశావా అత్తా?" అని నోటికొచ్చింది అడిగింది దెల్ఫీన్, అడగాల్సింది అది కాదు.

"చూశాను. గుర్రం తోక చూశాను. మంచి తోక. మన తుర్క్ గాడు కూడా సైన్యంలో చేరాడే, చీజు తిన్నవాళ్ళ వెనకే తోకాడించుకుంటూ పోయాడు."

"అత్తా, ఆయన?"

తొమాసీన్ బుట్ట దింపి, కోడలి మొహం చూసి, గొంతు తగ్గించింది. "వాడూ చేరేవాడే. ఒనోరే ముసలాడు డోలు ముందు గంతులేస్తూ పోతున్నాడు, ఒంటికన్ను వాడూ పోతున్నాడు, ఎవరి నోరూ ఎవరూ తెరిచి చూడ్డంలేదు, రండి రండి అంటున్నారు. మనవాడు వంతెన సగం దాకా పోయాడు. నేను పిలవలేదు, ఒట్టు. పిలిస్తే పోతాడు, వాడి నాన్నా అంతే. వంతెన మధ్యలో ఆగిపోయాడు. వెనకాల వాళ్ళు గుద్దుకుంటున్నారు, తిడుతున్నారు, అయినా కదలడే. తర్వాత ఇటు తిరిగి, 'పిల్లాడికి ఒళ్ళు వెచ్చగా ఉందే అమ్మా. అది ఒక్కతే ఉంది' అన్నాడు."

"అది అన్నాడా? నన్నా?"

"మరి ఆవునా? వస్తున్నాడు వెనకాల, బూట్లు కరిచాయి, కుంటుతున్నాడు. నేను చెప్పానని అనకు. దారంతా పెదవులు కదుపుకుంటూ వస్తున్నాడు, ఏదో కథ అల్లుతున్నాడు. అల్లుకోనీ. మగాడు ఊరికే ఇంటికెలా వస్తాడు."

దెల్ఫీన్ గబగబా గడ్డిలో కూర్చుంది, ఎప్పట్నుంచో అలాగే కూర్చుని ఉన్నట్టు. పైవీధి మేకల మొహాలు మూడూ ఒక్కసారి కళ్ళముందు మెదిలి మాయమయ్యాయి. తలుపు మళ్ళీ తెరుచుకుంది, మాస్కో మంచులోకి పోయి, బర్నాబేను వెంటబెట్టుకుని లోపలికొచ్చింది.

అతను ఎవరి మొహమూ చూడకుండా వచ్చి బోర్లించిన తొట్టి మీద కూర్చుని బూట్ల తాళ్ళు విప్పడం మొదలుపెట్టాడు. "తీసుకోలేదు" అన్నాడు బూటుతో.

"ఎవరు?" అంది దెల్ఫీన్.

"సార్జెంటు. ఈ ఇంత మీసాలు. నేను రెడీగానే ఉన్నాను. నోరు తెరవమన్నాడు. తెరిచాను. చూశాడు. ఇంకొకణ్ణి పిలిచాడు, వాడూ చూశాడు. కెప్టెన్ని పిలిచారు. అందరూ ఒకటే బాధపడ్డారు."

"అయ్యో" అంది తొమాసీన్, బొత్తాన్ని శ్రద్ధగా కొంగుతో తుడుస్తూ. "కెప్టెన్ కూడానా?"

"కెప్టెన్ కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడమ్మా. ఇంత మనిషి, ఇంత పొడుగు, ఆ పళ్ళే ఉంటేనా అన్నాడు. నేను ఒప్పుకోలేదు. వాదించాను. చిగుళ్ళతో చింపుతానన్నాను తూటాని. రూల్సు ఒప్పుకోవట."

"చక్రవర్తి కూడా చూశాడా నీ నోరు?" అంది దెల్ఫీన్.

బర్నాబే రెండో బూటు చేతిలో పట్టుకుని కాసేపు ఆలోచించాడు. "దూరంనుంచి" అన్నాడు.

ఆమెకు నవ్వు పొట్టలోంచి లేచి గొంతుదాకా వచ్చింది, పళ్ళు బిగబట్టింది, ఉన్నాయి కదా తనకు, బిగబట్టడానికి. "పోనీలే. వాళ్ళకే నష్టం" అంది. గిన్నె తీసి పాలు కాస్త వెచ్చబెట్టి, చెంచాతో కలిపి, అతని పక్కనే కూర్చుని పట్టుకుంది. అతను అటూ ఇటూ చూశాడు, గొర్రెల దొడ్డి వైపు కూడా చూశాడు, చివరికి ఆమె చేతిలోంచే తిన్నాడు. తింటూ, తాపీగా, ఏమీ ఎరగనట్టు వేలితో పిల్లాడి నుదురు ముట్టుకున్నాడు, బుగ్గ ముట్టుకున్నాడు. ఇలేర్ ఆ వేలిని రెండు చేతులా పట్టుకుని నోట్లోకి లాక్కున్నాడు.

"అబ్బా!" అన్నాడు బర్నాబే. వేలు చూసుకున్నాడు. పిల్లాణ్ణి చూశాడు. "పన్ను! ఒసేయ్, పన్ను! కరిచాడు! అమ్మా, పన్నొచ్చింది!" అని ఒట్టి కాళ్ళతో లేచి గుమ్మానికి ఉరికాడు, అరవడానికి.

దెల్ఫీన్ అంతకన్నా ముందు ఉరికింది. పిల్లాణ్ణి చంకన వేసుకుని తలుపుకు వీపు ఆన్చి నిలబడింది, ఉల్లిపాయ బురుజులన్నీ ఆమె వెనక. "అరవకు. ఇంకా మలుపు దాటలేదు."

"ఎవరు?"

"ఆయనే. వింటాడు."

బర్నాబే ఆమెను చూశాడు. డోలు ఇంకా వినిపిస్తోంది, దూరంగా, ఎవరో తలుపు తట్టి వెళ్ళిపోతున్నట్టు. అతను పక్కనే వచ్చి నిలబడి తలుపుమీద చెయ్యి పెట్టాడు, తోసేవాడెవడో అవతల ఉన్నట్టు గట్టిగా. తొమాసీన్ నవ్వలేదు. ఆవు కూడా నాకడం ఆపింది. అలా అందరూ వింటూ నిలబడ్డారు, డోలు చెట్ల వెనక్కి, నది మలుపు వెనక్కి పోయి, ఉందా లేదా అన్నట్టయి, లేకుండా పోయేదాకా.

అప్పుడు ఆమె పక్కకు జరిగింది. అతను తలుపు తీసి, మంచులో ఒట్టికాళ్ళతో నిలబడి, ఊపిరి పీల్చుకుని, ఉన్న బలమంతా పెట్టి అరిచాడు. అరుపు నోటి సందులోంచి సగం అరుపుగా, సగం సన్నటి ఈలగా వచ్చింది, ఏడాదిగా ఎంత ప్రయత్నించినా రానిది. ఊళ్ళో వినేవాళ్ళెవరూ లేరు, అందరూ కింద బాటమీద ఉన్నారు. కాసేపటికి దిగువ మలుపులోంచి తుర్క్ వచ్చింది, సైన్యాన్ని వదిలేసి, చెవులు వెనక్కి పెట్టుకుని, బంతిలా దొర్లుకుంటూ, అతని కాళ్ళ సందులోంచి దూరి తిన్నగా గడ్డిలోకి. బర్నాబే ఇంకా గుమ్మంలోనే ఉన్నాడు, తన ఈల తనే నమ్మలేనట్టు పెదవులు తడుముకుంటూ. చలి లోపలికి కొడుతోంది. దెల్ఫీన్ పిల్లాడి నెత్తిన కొంగు కప్పి, బయట దారికేసి ఒకసారి చూసింది. వచ్చేవాళ్ళు ఇంకెవరూ లేరు.

"చాల్లే, రా లోపలికి" అంది. "మాస్కో వెయ్యి."